బేకరీ మేడ మీద చెప్పిన మాట

బడి క్యాంటీన్‌లో గంజి మాడిపోయింది. పొయ్యి పక్కనే నేను తాగి పడుకున్నాను. పిల్లలే వచ్చి లేపారు. హెడ్మాస్టరమ్మ కేకలేయలేదు. "నెనీతా, తాగుడు మానేశాకే రా" అని ఇంటికి పంపేసింది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు ఒక చీటీ రాసిచ్చింది. తాగుడు మానాలనుకునేవాళ్లు శనివారం మధ్యాహ్నం మూడింటికి కలుసుకుంటారట. ఇలోయిలో నగరంలోనే, మా ఇంటికి రెండు జీప్నీలు మారేంత దూరంలో, ఒక బేకరీ మేడ మీద. దాని ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. మెట్ల మీద విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్న ఒక పెద్దావిడ నన్నే చూస్తోంది.

"ఏమ్మా, రొట్టె కొంటావా, పైకొస్తావా? రొట్టె కోసమైతే ఎవరూ ఇంత ఆలోచించరు."

నవ్వొచ్చింది. ఆవిడ పేరు క్రిస్పీనా. ఆ రోజు నుంచే మనాంగ్ అని పిలిచాను. నాకు సొంత అక్క లేదు.

పైన పదిమంది మగవాళ్లు, ఆవిడ, నేను. ఓడల్లో పనిచేసి రిటైరైన తెయోదొరో తాత కాఫీ పోసిస్తూ ముందే చెప్పాడు: "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి మెట్లు దిగాలి. అదొక్కటే మా షరతు."

నాలుగు వారాలు విని ఊరుకున్నాను. ఐదో శనివారం నోరు విప్పాను.

మా అమ్మాయి జోవెలిన్‌కు పదిహేనేళ్లు. ఎడమచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలి, చర్మం ముడతలు పడిపోయి ఉంటుంది. మూడేళ్లప్పుడు అల్లరి చేసి, ఉడుకుతున్న పులుసు గిన్నె తనే లాగేసుకుందని దానికి చెప్పాను. చేపల పడవ మీద నుంచి తిరిగొచ్చిన మా ఆయన దెల్ఫిన్‌కూ అదే చెప్పాను. నిజానికి గిన్నె నా చేతిలో ఉంది. కల్లు తాగి తూలాను.

ఈ మాట పైకి అనడం అదే మొదటిసారి. మనాంగ్ నా చెయ్యి పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చింది.

ఆ తరవాత ఏడు వారాలు చుక్క ముట్టలేదు.

ఒక సాయంత్రం జోవెలిన్ బడి నుంచి వచ్చింది. భుజం మీది సంచీ కూడా దించలేదు.

"నాయ్, గిన్నె ఎవరి చేతిలో ఉంది?"

"ఎవరన్నారే?" అన్నాను. జవాబు అందులోనే దొరికిపోయింది దానికి.

మనాంగ్ మనవరాలిది దాని తరగతే. జోవెలిన్ తన చెయ్యి తనే కాల్చుకున్న మొద్దు అని ఆ పిల్ల ఇంట్లో వెక్కిరిస్తుంటే, దాని తప్పేం లేదు, తల్లే తాగి పోసిందని మనాంగ్ చెప్పిందట. మర్నాటికి తరగతంతటికీ తెలిసింది.

"పొయ్యి దగ్గరికొస్తే చాలు, మళ్లీ కాల్చుకుంటావే అని అరిచేదానివి. ఎనిమిదేళ్లప్పుడు, నిన్ను అంత ఏడిపించినందుకు క్షమించమని అడిగాను. నిన్ను నేను అడిగాను, నాయ్! నువ్వు తలకాయ కూడా ఊపావు."

నాలుగు బట్టలు సర్దుకుని గిమారాస్ దీవికి పోయే పడవెక్కి మేనత్త ఇంటికి వెళ్లిపోయింది.

నేను తిన్నగా మనాంగ్ ఇంటికెళ్లాను. బట్టలు ఆరేస్తోంది.

"నువ్వేనా చెప్పింది?"

"దాన్ని అలా వెక్కిరిస్తుంటే వినలేకపోయానే. మంచికే కదా అని..."

"అది నా నోటి నుంచి వినాల్సిన మాట. నీ చెయ్యి పట్టుకుని చెప్పాను, మనాంగ్."

"చెప్పడానికి నీకు పన్నెండేళ్లు ఉన్నాయి కదే."

అది నిజమే. నిజమని తెలిసే ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

దారిలో కల్లు దుకాణంలో కూర్చున్నాను. కొట్టువాడు అడక్కుండానే గ్లాసు నింపి పెట్టాడు. ఆఖరి పడవలో జోవెలిన్ తిరిగొస్తుందేమో, వస్తే నా నోటి వాసన చూస్తుందేమో అనిపించింది. గ్లాసు అలాగే వదిలి లేచాను. జోవెలిన్ ఆ రోజు రాలేదు.

శనివారం మేడెక్కి అందరి ముందూ జరిగింది చెప్పాను. తెయోదొరో తాత తల దించుకున్నాడు. "మేమిచ్చిన మాట మేమే తప్పాం, అమ్మాయీ" అన్నాడు. మనాంగ్ లేచి నిలబడింది.

"వచ్చే వారం నుంచి నేను రాను."

"రాకపోతే మళ్లీ తాగుతావు. నువ్వుండు. నేనే పోతా" అన్నాను. ఆవిడ మీద జాలితో అనలేదు. ఆవిడ ఉన్న గదిలో నాకు ఊపిరాడలేదు.

తాత ఇంకో గుంపు ఉందన్నాడు. మంగళవారాలు, గిమారాస్‌లో. పడవ మీద వెళ్లాను. అయ్యాక ఆడపడుచు ఇంటి గేటు దగ్గర నిలబడ్డాను. రెండు మంగళవారాలు జోవెలిన్ బయటికి రాలేదు. మూడోసారి వచ్చింది, గేటు తియ్యలేదు.

"నాన్నకు చెప్పావా?"

"నువ్వొస్తే, నీ ముందే చెబుతా."

దెల్ఫిన్ వచ్చిన వారం అదీ వచ్చింది. దాని ముందే చెప్పాను.  ఆయన కూతురి పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇప్పటికి ఎనిమిది నెలలు తాగలేదు. మనాంగ్ సంతలో కనబడితే పక్క వరుసలోకి తిరిగిపోతాను. మొన్న అన్నం తింటూ జోవెలిన్ అడిగింది.

"ఆ కొత్తచోట ఏం చెబుతావు?"

"నా పేరు. తాగేదాన్నని. అంతే."

"నా గురించి చెప్పకు."

"చెప్పను."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియదు. తన కంచం తనే తీసుకుని లేచి వెళ్లింది.