పక్కింటికి చెప్పకూడని కసరత్తు

మా ఆత్రేయపురంలో ఇద్దరాడవాళ్ళు కలిస్తే ముందు నడుము సంగతి, తరవాతే కూర సంగతి. పూతరేకులు తీసేవాళ్ళం మరి. పొద్దున్నే బోర్లించిన కుండ ముందు పీట వేసుకుని, ఒక చేత్తో కింద మంటలోకి ఎండు కొబ్బరాకు తోస్తూ, ఇంకో చేత్తో పలచటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద లాగుతూ, మధ్యాహ్నం దాకా వంగినవాళ్ళం వంగినట్టే ఉంటాం. మా అత్తగారు ముసలితనం రాకముందే నేలని చూస్తూ నడిచేవారు. ఎవరైనా పలకరిస్తే తల ఒక్కటీ ఎత్తి తాబేలులా చూసేవారు పాపం. మాకూ అంతే రాసిపెట్టి ఉందనుకున్నాం.

అలాంటిది, పోయిన ఏడాది శారోన్ అనే డాక్టరమ్మాయి మా వీధికి వచ్చింది. రాజోలు జాషువా మాస్టారి కూతురు. వెన్నెముక జబ్బుల మీద పెద్ద చదువు చదువుతోంది. అది పూర్తవాలంటే ఒక పరిశోధన చేసి చూపించాలట. సూదీ, ఆపరేషనూ లేకుండా ఒట్టి కసరత్తుతో మా నడుం నొప్పి తగ్గుతుందా లేదా తేల్చడమే ఆ పరిశోధన.

ముందు అందరి వెన్నుపూసలూ నొక్కి చూసింది. వంగమంది, లేవమంది. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. మా తోటికోడలు వీరవేణికి తొమ్మిదట, నాకు ఎనిమిది. నా తరవాత కాపురానికొచ్చిన దానికి నాకంటే ఎక్కువా అని, నాకూ ఇంకొకటి కలపమన్నాను. కలపలేదు.

తరవాత చీట్లు తీయించింది. సగంమందికి కసరత్తు నేర్పుతుంది. మిగతా సగం ఎప్పటిలాగే ఉండాలి, మూడు నెలలు పోయాక వాళ్ళకీ నేర్పుతుంది. రెండు గుంపులనీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా తగ్గింది కసరత్తు వల్లో, దానంతటదే తగ్గిందో తెలిసేది. అందుకని నేర్చుకున్నవాళ్ళు మిగతావాళ్ళకి చెప్పకూడదని మరీమరీ చెప్పింది. అందరం ఆయ్ అన్నాం. వీరవేణికి కసరత్తు చీటీ వచ్చింది. నేను ఖాళీ గుంపు.

ఇక చూడండి నా అవస్థ. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక తడిక. అవతల వీరవేణి చాప మీద బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తుతుంది. వెల్లకిలా తిరిగి, మోకాళ్ళు మడిచి నడుం లేపుతుంది. నేను మాటకి కట్టుబడి మొహం తిప్పుకునేదాన్ని. కొన్నాళ్ళకి తను కూనిరాగం తీస్తూ పీట మీంచి లేస్తోంది, నేను గోడ పట్టుకుని లేస్తున్నాను. ఒకరోజు లేవబోయి అక్కడే కూలబడ్డాను. వీరవేణి తడిక తోసుకుని వచ్చేసింది.

"బోర్లా పడుకో అక్కా."

"చెప్పొద్దన్నేరు కదే."

"నేనేం చెప్పలేదే. నీ చాప మీద నేను పడుకుంటున్నాను. నువ్వు చూస్తే నీ ఇష్టం."

చూశాను. చూసింది చేశాను. ఇది మా ఇద్దరి గుట్టే అనుకున్నాను.

మూడు నెలలకి శారోన్ మళ్ళీ వచ్చి అందరినీ వంచి, లేపి, మార్కులు అడిగింది. అందరికీ తగ్గిపోయాయి. మేమంతా సంబరపడుతుంటే ఆ పిల్ల మొహం మాత్రం వాడిపోయింది. రెండు గుంపులకీ సమానంగా తగ్గిందంటే కసరత్తు వల్ల ఒరిగిందేమీ లేదని లెక్కట.

"పనిచెయ్యదనే రాయాలండి మామ్మగారూ. నా కష్టం పోతే పోయింది. ఇంకే ఊళ్ళోనూ ఎవరూ దీన్ని నేర్పరు. అదండి నా బాధ."

అరుగు మీద చాప పరిచి, బోర్లా పడుకుని ఛాతీ ఎత్తాను.

"మీరు ఖాళీ గుంపు కదండీ," అంది శారోన్.

"ఆయ్. పనికిరాదని మాత్రం రాయకండమ్మా."

నన్ను చూసి బేబీ పక్కన చేరింది. తనదీ ఖాళీ గుంపే. ఆ తరవాత సూర్యకుమారి. చూస్తూండగా ఖాళీ గుంపంతా అరుగు మీద బోర్లా పడుకుంది. వీరవేణి మధ్యలో నిలబడి మోచేతులు మడవొద్దని అదిలిస్తోంది. శారోన్ మెట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ ఒకటే నవ్వు.

వాళ్ళ కాలేజీ మేడంగారు ఫోన్లో చివాట్లు పెట్టి, మళ్ళీ మొదలుపెట్టమన్నారట. ఈసారి మనుషులని కాదు, ఊళ్ళని విడగొట్టాలి. మా ఊరికెలాగూ వచ్చేసింది గనక, రేకులు తీసే ఇంకో ఊరికంతా నేర్పి, కాస్త దూరంలో మరో ఊరిని ఆగమనాలి. ఆగడానికి మా చుట్టాలు లేని ఊరు చెప్పమంది శారోన్. ఎంత వెతికినా అలాంటి ఊరు దొరకలేదు. ఆగాల్సిన ఊళ్ళో సాక్షాత్తూ మా చెల్లెలు కుసుమే ఉంది. శారోన్ నా వంక భయంగా చూసింది. ఈసారి నోరే కాదు, నడుమూ కట్టేసుకుంటామని మాటిచ్చాను.

ఇచ్చానే గాని, నిప్పుల మీద నిలబడ్డట్టే అయింది. కుసుమ రోజూ ఫోన్ చేసి మూలిగేది. నీకెలా తగ్గింది, ఏం తింటున్నావని నిలదీసేది. నేను ఆనపకాయ పాదు గురించీ, ఈనిన గేదె గురించీ చెప్పేదాన్ని. మరీ పట్టుబడితే ఫోన్ వీరవేణి చేతికిచ్చేదాన్ని. అది సిగ్నల్ లేదని కట్ చేసేది. కుసుమ మనవరాలి చెవులు కుట్టించే రోజున వెళ్తే, అక్కడ ఆడవాళ్ళంతా నడుములు పట్టుకుని కూర్చున్నారు. చూడలేక, భోజనం కాగానే బస్సెక్కేశాను. అక్కకి పొగరెక్కిందని ఊరంతా చెప్పుకుంది కుసుమ. పడ్డాను.

ఆఖరికి శారోన్ ఫోన్ చేసింది. నేర్చుకున్న ఊరికి బాగా తగ్గిందట. ఆగిన ఊరికి ఎక్కడి నొప్పి అక్కడే ఉందట. పరిశోధన నిలబడింది. నేను అభినందించడం కూడా మర్చిపోయి, ఇక చెప్పొచ్చా అని అడిగాను.

"చెప్పండి మామ్మగారూ. ఎంత కావాలంటే అంత చెప్పండి."

వీరవేణీ నేనూ అప్పుడే ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోయాం. కుసుమ కుండ ముందే ఉంది. సంగతంతా చెప్పాను. చేతిలో గుడ్డ పిండిలో పడేసింది.

"ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని ఆనపకాయ కబుర్లు చెప్పేవా?"

"చెప్పేను. మీ ఊరి ఓపికే ఆ పిల్ల లెక్కని నిలబెట్టింది. తిడితే తిట్టు గాని, ముందు బోర్లా పడుకో."

తిడుతూనే పడుకుంది. తిడుతూనే ఛాతీ ఎత్తింది. ఇంతేనా అంది. ఇంతే అన్నాను. ఇంతోటి దానికా నువ్వు భోజనం చేసి పారిపోయేవని నవ్వడం మొదలుపెట్టి, ఎత్తిన ఛాతీ నిలపలేక చాప మీద వాలిపోయింది. ఈలోగా వీధిలోంచి ఒక్కొక్కరే చాపలు చంకన పెట్టుకుని వస్తున్నారు. నేను సంగతంతా మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాను. ఆటో అతను హారన్ కొట్టి కొట్టి, చివరికి తనూ దిగొచ్చి కూర్చున్నాడు.