మొదటి పేజీలో నా చావు

నేను పోయానన్న సంగతి నాకు కామాక్షమ్మ చెప్పింది.

రంజాన్‌కు ఇంకా రెండు నెలలుందనగా, రజబ్ నెల మొదట్లో ఒక పొద్దున అజ్మాన్‌లో మా కొట్టు ముందు ఆమె కారు ఆగింది. కామాక్షమ్మది రాజమండ్రి. భర్తకు దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగం. పిల్లల పరుపులు విప్పి దూది ఏకించి మళ్లీ కుట్టించుకోవాలంటే ఎంత దూరమైనా మా దగ్గరికే వస్తుంది. ఆవేళ కళ్లనిండా నీళ్లతో దిగింది. గడప పక్కన స్టూలు మీద కూర్చుని దూదిలో గింజలు ఏరుతున్న నన్ను చూసి కారు తలుపు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"మామ్మగారూ! మీరు... మీరున్నారా?"

"ఉండాను తల్లీ. యాడికి పోతాను, మోకాళ్లు లేస్తే గదా!" అన్నాను.

ఆమె ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. ఆ తర్వాత ఫోన్ తీసి చూపించింది. అందులో నా ఫోటో. కింద బారెడు ఇంగ్లీషు.

"మా ప్రియమైన అమ్మమ్మ అక్తర్ బీ జ్ఞాపకార్థం అని రాశారండీ. ఆవిడ లేకపోయినా ఆవిడ చేతి విద్య మా దగ్గర బతికే ఉందట. కిందున్న నంబరుకి చేస్తే దుబాయ్‌లో అల్ వర్సాన్ షోరూముకి రమ్మన్నారు. పోనీ, మీ అబ్బాయి ఖాదర్ గారిని ఒకసారి పలకరించి వెళ్దామని ఇటొచ్చాను."

లోపల మా కోడలు బుష్రా మిషన్ ఆపి బయటికి వచ్చింది. ఫోన్ చూసింది. నా వైపు చూసింది.   ఆ ఫోటో తీసింది మా రమీజ్.

రమీజ్ నా కూతురి కొడుకు. వాడికి మూడేళ్లప్పుడు నా కూతురు పోయింది. వాడి నాయన ఇంకో పెళ్లి చేసుకుని వెళ్లిపోతే నేనే పెంచాను. మేము నంద్యాల వైపు దూదేకులవాళ్లం. మా ఆయన అల్లాబకాష్ భుజాన ఏకుడు విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాడు. ఆయన పేరు మీదనే మా కొడుకు ఖాదర్ హుస్సేన్ ఇక్కడ రేకుల షెడ్డులో దూది మిషన్ పెట్టాడు. మేనల్లుణ్ని చదివించి, వీసా తీసి, తన దగ్గరికే తెచ్చుకున్నాడు.

కరోనా తర్వాత మా పని పడిపోయింది. పాతవాళ్లు చాలామంది ఇళ్లు ఖాళీ చేసి పోయారు. కొత్తగా వచ్చినవాళ్లకు మేమున్నామనే తెలియదు. అప్పుడు రమీజ్ వాళ్ల మామను కూర్చోబెట్టి చెప్పాడు.

"మామా, జనాలు ఇప్పుడు బజార్లో యాడ వెతుకుతాండారు? ఫోన్లో వెతుకుతారు. గూగుల్లో మన సైటు అయిదో పేజీలో పడి ఉండాది. అయిదో పేజీ అంటే సందులో సందు. ఎవుడొస్తాడు?"

"ముందుకు రావాలంటే ఎవరికేమియ్యాల?" అన్నాడు ఖాదర్.

"ఎవరికీ ఏమీ ఇయ్యొద్దు. జనం అడిగేదానికి మన కాడ జవాబు ఉండాల. ఆ జవాబు ఇంకెవరి కాడా లేకుంటే గూగుల్ మనల్ని ముందర నిలబెడ్తాది. జవాబులన్నీ అవ్వ కడుపులో ఉండాయి."

ఆ రోజునుంచి సాయంత్రం అసర్ నమాజు కాగానే నా ముందు ఫోన్ పెట్టి కూర్చునేవాడు. దిండు ఎందుకు గడ్డ కడుతుంది? బూరుగు దూది పసిపిల్లలకు మంచిదా? ఈ సముద్రపు గాలికి పరుపు వాసన పట్టకుండా ఏం చేయాలి? వాడు ఒకటడిగితే నేను మా పెద్ద ఆడబిడ్డ పెళ్లి దగ్గర మొదలుపెట్టేదాన్ని.

"అవ్వా, దిండు కాడికి రా!"

"వస్తానురా. పెళ్లికొడుకు దిగనీ. ఆ దిండు మీదనే గదా వాడు అలిగి పండుకునింది!"

మొదట్లో పెళ్లి తీసేసి దిండు మాత్రం రాసుకునేవాడు. తర్వాత తెలివి తెచ్చుకుని పెళ్లి కూడా రాశాడు. ఇంగ్లీషులో ఒకటి, అరబ్బీలో ఒకటి. వారం వారం కొత్త పేజీ. పరుపు తీసుకుపోయిన ప్రతివాళ్ల చేతా రెండు మంచి మాటలు రాయించేవాడు. షెడ్డు అద్దం తుడిపించి, నా చేతులకు, మిషనుకు, తెల్లగా పొంగిన దూదికి కొత్త ఫోటోలు తీసి పెట్టాడు. ఏడాది తిరిగేసరికి మొదటి పేజీకి వచ్చాము. షాబాన్ నెలలో చూడాలి మా షెడ్డు! అరబ్బుల ఇళ్లలో అతిథులు కూర్చునే మజ్లిస్ గదులకు గోడ పొడవునా పరుపులు, ఆనుకునే దిండ్లు ఉంటాయి. రంజాన్ రాకముందే అవన్నీ బాగు చేయించుకుంటారు. వ్యాన్లు వరుస కట్టాయి. ఇంకా ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాము.

ఫోన్లో అరబ్బీ మాట్లాడేవాడు రమీజే కాబట్టి సైటులో నంబరు వాడిదే. సైటూ వాడి పేరు మీదే. బుష్రా ఒకసారి అడిగింది.

"నా నంబరు గూడా ఒక పక్కన పెట్టొచ్చు గదా? ఆ సైటు తెరిచే తాళం మాట ఏందో మనకూ చెప్పమనండి."

"మేనల్లుడి కాడ తాళాలడిగే మేనమామ యాడన్నా ఉంటాడా? మా చెల్లెలు వింటే ఏమనుకుంటాది?" అన్నాడు ఖాదర్.

"ఆమె పోయి ఇరవై ఏండ్లాయె."

"అందుకే అడగగూడదు."

మా వైపు అంతే. మేనల్లుడికి పెట్టాలిగాని అడగకూడదు. తల్లి లేని మేనల్లుడైతే మరీను.

పోయిన ఎండాకాలంలో రమీజ్‌కు అల్ వర్సాన్‌లో ఒక పెద్ద పరుపుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మన సైటు పని సెలవునాడు చూస్తానన్నాడు. కన్నీళ్లతో దీవించి పంపాను. ఆ తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. అడిగితే, "గూగుల్ లెక్కలు మారినాయి అవ్వా, కొంచెం ఓపిక పట్టు" అనేవాడు. ఓపిక పట్టాము. పెట్టుకున్న ఇద్దరినీ మాన్పించాము. ఈ షాబాన్‌లో కూడా పని రాకపోతే మిషన్ అమ్మేసి నంద్యాల పోవడమేనని ఖాదర్ తేల్చేశాడు. మేము ఆ ఓపికలో ఉండగా కామాక్షమ్మ వచ్చింది.

"మీ కొట్టు పేరు కొట్టినా వాళ్లదే తెరుచుకుంటోందండీ" అంది వెళ్తూ వెళ్తూ.

మరునాడు ఖాదర్ నన్నూ, వాడి కూతురు అనమ్‌నూ వ్యాన్‌లో అల్ వర్సాన్ తీసుకుపోయాడు. తను మాత్రం దిగలేదు. "నేనడగలేనమ్మా. మీరు పోండి" అని స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

గోదాము ముందు అద్దాల షోరూము. లోపల చలి. గోడ మీద తలుపంత బొమ్మ, దూది పట్టుకున్న రెండు చేతులు. నా చేతులు నాకు తెలియవా?

రమీజ్ నన్ను చూసి పరుగున వచ్చాడు. "అవ్వా! చెప్పకుండా వచ్చినావే! కూర్చో, టీ తెప్పిస్తా."

"చచ్చినదానికి టీ ఎందుకురా?"

వాడు అటూ ఇటూ చూసి, మమ్మల్ని ఒక మంచం వెనక్కి తీసుకుపోయాడు.

"అది నేను కావాలని రాసింది గాదవ్వా. మా ముదీర్, అదే మా మేనేజరు, అట్ల రాయమన్నాడు. బతికుండే ముసలామె చెప్తే సలహా అంటారంట. పోయిన ముసలామె చెప్పిందంటే చివరిదాకా చదువుతారంట. ఎంతసేపు చదివితే పేజీ అంత పైకి పోతాది."

"పోయిందా?"

వాడు తల దించుకున్నాడు. "మొదట్లోనే ఉండాది."

"మంచిది. ముదీర్ చెప్పినాడు సరే. రాసిన చెయ్యి ఎవరిది నాయనా? జనాజాకు భుజం పట్టినావా? నా పేరు మీద ఒక ఫాతిహా అన్నా చదివినావా?"

"అవ్వా, అందరూ చూస్తాండారు."

అనమ్ ముందుకు వచ్చింది. "బావా, మాటలొద్దు. మా సైటు మాకియ్యి. షాబాన్ రాకముందే ఇయ్యి."

"యాడుంది ఇయ్యనీకి? కంపెనీకి రాసిచ్చేసినా. నీ చేతి పని ఏముందో చూపించు అన్నారు. నేను చూపించగలిగింది అదొక్కటే. దాన్ని తెస్తేనే ఉద్యోగం అన్నారు. మామ కాడ ఉంటే ఎన్నేండ్లకైనా నాకు ఆ రేకుల షెడ్డే గదా అనమ్!"

"ఆ రేకుల కింద నుంచే గదా నిన్ను చదివించినారు."

ఇంతలో వాడి జేబులో ఫోన్ మోగింది. ఆ మోత నాకు తెలుసు. మా షెడ్డులో రోజంతా మోగిన మోతే. వాడు మా వైపు వీపు తిప్పి ఎత్తాడు. హిందీలో మాట్లాడాడు. అవును, అల్లాబకాష్ దుకాణమే అన్నాడు. అవతల ఎవరో నా సంగతి అడిగినట్టున్నారు.  "జీ, చాలా మంచి మనిషి. అల్లా ఆమెకు జన్నత్ ఇవ్వాల" అన్నాడు.

నేను వాడి వెనక మూరెడు దూరంలో ఉన్నాను. పదేళ్లదాకా నా కొంగు పట్టుకుని పడుకున్నవాడు. రాసినప్పుడు ఎవరో రాయించారు అనుకున్నాను. ఇప్పుడు ఎవరూ చెప్పమనలేదు. నోటితో చెప్పాడు.

"పదమ్మా" అన్నాను అనమ్‌తో.

"అవ్వా, నెలనెలా మామకు ఎంతో కొంత పంపిస్తా. నువ్వు మాత్రం బయట ఎవరికీ..."

"నేను లేనుగదరా. ఇంకెవరికి చెప్తాను?"

వ్యాన్‌లో ఖాదర్ ఏమైందని అడగలేదు. షార్జా దాటాక మాత్రం, "బాగా తింటాండాడా? చిక్కినాడా?" అన్నాడు. వెనక సీట్లో అనమ్ పళ్లు కొరికింది.

అనమ్ కాలేజీ పిల్ల. వారంలో కొత్త సైటు కట్టింది. ఈసారి నంబరు బుష్రాది. "ఇప్పుడు తెలిసిందా తాళం ఎవరి కాడ ఉండాలో?" అని బుష్రా ఒక్క మాట అంది. ఖాదర్ విననట్టు దూది తూకం వేసుకుంటున్నాడు.

దిండు గడ్డ, బూరుగు దూది, సముద్రపు గాలి, అన్నీ అనమ్‌కు మళ్లీ చెప్పాను. పెళ్లితో సహా. పిల్ల రాసి పెట్టింది. ఎన్నాళ్లు చూసినా పేజీ కదలలేదు. ఒకరోజు నా పక్కన దిగులుగా కూర్చుంది.

"జేజీ, ఈ మాటలన్నీ ముందే బావ పేజీలో ఉండాయి. గూగుల్ లెక్కలో అసలుది వాళ్లది. మనది చూసి రాసింది."

"నా మాటలు నేను చూసి రాసినానా?"

"అట్లనే అనుకుంటాది. బావకు చెప్పనివి ఏమన్నా ఉంటే చెప్పు. కొత్తవి."

షాబాన్ పనంతా అల్ వర్సాన్‌కు పోయింది. మా గుమ్మంలోకి కామాక్షమ్మ తన స్నేహితురాళ్లను ఇద్దరు ముగ్గురిని తీసుకొచ్చింది, అంతే. ఖాదర్ సగం షెడ్డును సోఫాలు కుట్టే మలబారు ఆయనకు ఇచ్చి, మిగిలిన సగంలో మిషన్ నిలబెట్టుకున్నాడు. నంద్యాల ప్రయాణం వచ్చే ఏటికి వాయిదా పడింది. ఈ ఏడాదిలో అనమ్ పేజీ పైకి లేవాలి, లేకపోతే మేము ఇక్కణ్నుంచి లేవాలి.

"జేజీ, జనం రోజూ అడిగేదొకటి ఉండాది. బావ ఎందుకో దాన్ని ముట్టుకోనే లేదు" అంది అనమ్ ఒక సాయంత్రం. "పిల్లోళ్లు రాత్రి పరుపు తడిపితే దూది పరుపును ఎట్ల బాగుజెయ్యాల?"

వాడు ఎందుకు ముట్టుకోలేదో నాకు తెలుసు. తల్లి పోయినప్పటినుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా వాడు పక్క తడిపేవాడు. తెల్లవారకముందే లేచి, వాడి సిగ్గు చూసి ఎవరూ నవ్వకుండా, నేనే నీళ్ల చెంబు తన్నేశానని ఇంటిల్లిపాదికీ చెప్పేదాన్ని. కుట్టు విప్పడం తేలికగా ఉండాలని వాడి కోసమే ఒక చిన్న పరుపు వేరే కుట్టాను. దూది పరుపును తడినుంచి కాపాడే విద్య నాకు మా ఆయన నేర్పింది కాదు. ఆ పిల్లవాడు నేర్పాడు.

అనమ్ ఫోన్ నొక్కి నా ముందు పెట్టింది.

"పరుపంతా ఉతకొద్దు" అన్నాను. "పొడిగుడ్డతో అద్దాల. ఒక పక్క కుట్టు విప్పి తడిసిన దూది మాత్రం తియ్యాల. పైగుడ్డ నిమ్మరసం పిండిన నీళ్లలో ఉతకాల. దూది ఎండలో పలచగా పరిచి, మధ్యాన్నం ఒకసారి తిప్పాల. సందెవేళ మంచు తగలకముందే తెచ్చి, చేత్తో విడదీసి, మళ్లీ నింపి కుట్టాల. అంతే."

ఆ పిల్ల ఇంకా నా నోటి వైపే చూస్తోంది.

"అంతేనా జేజీ? ఎవరి పెళ్లీ లేదా? ఇందులో ఎవరూ రారా?"

"ఎవరూ రారు. అంతే రాసుకో" అని గింజలు ఏరడానికి దూది ముందుకు లాక్కున్నాను.