ఒక బటన్, రెండు ఫంక్షన్లు

అమరనాథ్ ఆఫీసులో మూడు నెలల ట్రయల్ ఆ శుక్రవారంతో అయిపోతుంది. ఉద్యోగం ఒక్కటే, ఆశపడేవాళ్ళు ఇద్దరు. ఒకరు ఫలక్‌నుమాలో ఉండే రైల్వే గ్యాంగ్‌మన్ ఆనందరావు కూతురు స్వీటీ. ఇంకొకడు అమరనాథ్ సొంత మేనల్లుడు మనీష్. ఇక పోటీ ఎంత ధర్మంగా ఉంటుందో వేరే చెప్పాలా! అయినా స్వీటీ నమ్మింది. ఉద్యోగం రాకపోతే సోమవారం నుంచి తల్లితో పాటు సంచులు కుట్టే కార్ఖానాకు పోవాలని ఇంట్లో మాట అయిపోయింది. నమ్మక ఏం చేస్తుంది?

మాదన్నపేటలో మిరపకాయల గోదాము పైన ఆ ఆఫీసు. అక్కడ వెబ్‌సైట్లు చేసిపెడతారు. పద్ధతి ఒకటే: అందరూ ఒకే ఫైల్లో రాయాలి, ఎవరి కోడ్ వాళ్ళు అడుగున చేర్చాలి, ముందువాళ్ళది ముట్టుకోకూడదు.

ఒక డాక్టరుగారి దవాఖానకు టోకెన్ పేజీ చేస్తున్నారు. రోగి పేరు కొట్టి బటన్ నొక్కితే ఆ పేరు కౌంటర్ లిస్టులో పడాలి. ఆ పని చేసే కోడ్ ముక్కను, అంటే ఫంక్షన్‌ను, స్వీటీ రాసి, బటన్‌కు తగిలించి, ఇరవైసార్లు నొక్కి చూసుకుంది.

గురువారం సాయంత్రం మనీష్ కుర్చీ జరుపుకుంటూ వచ్చాడు. "అక్కా, బటన్ నొక్కంగనే డాక్టర్ సాబ్ ఫోటో, కింద థ్యాంక్స్ రావాలంట. ఎట్ల తగిలించాలె?"

వీడికి ఓనమాల నుంచి నేర్పమని అమరనాథ్ హుకుం. స్వీటీకి విసుగొచ్చింది, బస్సు టైమూ అయింది. "బటన్ పేరు, చుక్క, ఆన్‌క్లిక్, ఈక్వల్ టు, నీ ఫంక్షన్ పేరు. గంతే," అని సంచి భుజానేసుకుంది.

బటన్ నొక్కితే ఏం జరగాలో చెప్పే ఆ ఆన్‌క్లిక్‌లో ఒక్క ఫంక్షనే నిలుస్తుందని, కొత్తది వస్తే పాతది ఊడిపోతుందని చెప్పలేదు. తనదీ ఆన్‌క్లిక్‌తోనే తగిలించానన్న సంగతి ఆ తొందరలో తట్టలేదు.

శుక్రవారం డాక్టరుగారు వచ్చి పేరు కొట్టి బటన్ నొక్కారు. ఆయన ఫోటో నవ్వుతూ వచ్చింది. కౌంటర్ లిస్టు ఖాళీ. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఫోటో.

"నా మొఖం చూసి పేషెంట్లు ఇంటికి పోవాల్నా?" అన్నారు.

స్వీటీ ఫైలు తెరిచి, అడుగున మనీష్ చేర్చిన లైను చూసింది. అమరనాథ్‌ను పక్కకు పిలిచి, "సార్, నాది మంచిగనే ఉండె. మనీష్ కింద రాసింది నాదాన్ని ఊడగొట్టింది. ఎవరేం రాసిన్రో ఫైలు హిస్టరీల ఉంటది, చూడుండ్రి," అంది.

అమరనాథ్ చూశాడు. "నిజమే బేటా. సరి చెయ్. ఏం చేసినవో వానికి గూడ సమజ్ చెయ్."

ఆ 'నిజమే' విని స్వీటీకి ప్రాణం లేచొచ్చింది. రెండు ఆన్‌క్లిక్‌లూ తీసేసి, యాడ్ ఈవెంట్ లిజనర్ అనే ఇంకో పద్ధతిలో రెండు ఫంక్షన్లనూ తగిలించింది. ఇలా తగిలిస్తే ఒకదాన్నొకటి తోసెయ్యవని మనీష్‌కు ఎంతో ఓపిగ్గా చెప్పింది. వాడు నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

డాక్టరుగారు నొక్కితే ఫోటో వచ్చింది, లిస్టులో పేరూ పడింది. అమరనాథ్ మనీష్ భుజం తట్టాడు. "మా అల్లుడు చేసిండు సార్."

డాక్టరుగారు వెళ్ళాక స్వీటీ ఎదురుగా నిలబడింది. "సార్, మరి నా ఉద్యోగం?"

"తప్పు నీదని నేనంటలేను బేటా. మస్తు మంచిగ నేర్పినవ్. వాడు అన్నీ నేర్చుకున్నడు. ఇగ ఇద్దరెందుకు?"

ఆమె మెట్లు దిగుతుంటే మనీష్ వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నీ నంబర్ గదే కదా? డౌటొస్తె ఫోన్ చేస్త."

వాడు వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. స్వీటీ అదే నంబరని చెప్పింది.