ఉప్పూ బాణమూ

మా ఇంట్లో ఏ పనిలోనైనా ఇద్దరు చెయ్యి పెడతారు. ఆ రోజు పొద్దున కూరలో మా ఆవిడ ఉప్పు వేసింది. ఆమె అటు తిరగ్గానే మా అబ్బాయీ వేశాడు. కూర నోట పెట్టలేకపోయాం.

"చూసి వెయ్యొద్దట్రా?" అంది మా ఆవిడ.

"వేశానని చెప్పొద్దా నువ్వు?" అన్నాడు వాడు.

మా కోడలు రెండు అరటిపండ్లు తిని లేచింది. సాయంత్రం ఆమెకు పరీక్ష.

ఆమె బాస్కెట్‌బాల్ రిఫరీ. ఈ పరీక్ష గట్టెక్కితే పెద్ద పోటీలకు పిలుస్తారు. రెండుసార్లు తప్పింది. మొదటిసారి బంతి ఆటలోకి వచ్చినా గడియారం కదల్లేదు, ఆమె చూసుకోలేదు. రెండోసారి బాణం దగ్గర దెబ్బతింది.

బాణం సంగతి చెప్పాలి. ఇద్దరు ఆటగాళ్లు బంతి పట్టుకుని ఇద్దరూ వదలకపోతే, ఈసారి ఒక జట్టుకు ఇస్తారు, మళ్లీసారి రెండో జట్టుకు. ఎవరి వంతో చెప్పడానికి పాయింట్లు రాసేవాళ్ల బల్ల మీద ఒక బాణం ఉంటుంది. బంతి ఇచ్చినప్పుడల్లా దాన్ని తిప్పాలి. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారతాయి గనుక అప్పుడూ ఒకసారి తిప్పాలి. రెండో సగంలో మొదటి బంతి కూడా బాణం చూపించిన వాళ్లదే.

నేను వడ్రంగిని. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఆమెకొక చెక్క బాణం చేసిచ్చాను. అన్నం తినే బల్ల మీద అది నిలబడి ఉండేది. టీవీలో ఎర్ర, నీలం చొక్కాల ఆట పెట్టుకుని కోడలు లెక్కలన్నీ మనసులోనే ఉంచుకునేది. మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నట్టుండి అడిగేది.

"అమ్మాయ్, ఎర్రవాళ్ల ఫౌళ్లెన్ని?"

"నాలుగయ్యాయి అత్తయ్యా. ఇక మీద చేస్తే అవతలి వాళ్లకు ఫ్రీ త్రోలు."

"టైం ఔట్లు?"

"ఒక్కటే మిగిలింది."

ఏ జట్టు ఏ బుట్టలో వెయ్యాలో మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు. అడగడం మాత్రం మానదు.

బాణం కోసం కోడలు ఒక ఉపాయం పెట్టుకుంది. జుట్టుకు కట్టే రబ్బరు బ్యాండు చేతికి వేసుకునేది. తర్వాతి వంతు ఎర్ర చొక్కాలదైతే కుడిచేతికి, నీలం చొక్కాలదైతే ఎడమచేతికి.

సాయంత్రం ఆటకు మేమూ వెళ్లాం. మా అబ్బాయి బల్ల దగ్గర పాయింట్లు రాసే పనిలో ఉన్నాడు. వాడి పక్కన గడియారం నడిపే ఆయన. మేం వాళ్ల వెనకే కూర్చున్నాం. పరీక్షించే కళ్లద్దాలాయన ఎదురుగా, పై వరసలో.

మొదటి సగం బాగా నడిచింది. ఫౌల్ ఇచ్చినప్పుడల్లా ఎవరు చేశారో బల్లకు వేళ్లతో చూపించేది. బంతి లోపలికి రాగానే గడియారం వైపు ఒక చూపు. బ్యాండు ఈ చేతి నుంచి ఆ చేతికి మారుతూనే ఉంది.

మా వెనక ఒకాయన ఊరుకోలేదు. "ఈ రిఫరీకి కళ్లున్నాయా?"

మా ఆవిడ తిరిగి చూసింది. "రెండున్నాయి నాయనా. నీ నోరే ఒకటి ఎక్కువైంది."

విరామంలో టీ తాగడానికి బయటికి వెళ్లాం. వచ్చేసరికి కోడలు మళ్లీ మైదానంలో ఉంది. చెదిరిన జుట్టు వెనక్కి బిగించి కట్టుకుంది. ఆ బ్యాండుతోనే. చేతులు రెండూ బోసిగా ఉన్నాయి. నేను బల్ల మీదికి తొంగి చూశాను.

బాణం నీలం వాళ్ల వైపు ఉంది. నీలం చొక్కా ఒకడు గీత దగ్గర బంతి కోసం చెయ్యి చాచాడు.

"బాణం అటే ఉంది కదా, ఇచ్చెయ్యండి" అన్నాడు ఆమెతోపాటు ఆట నడిపిస్తున్న రెండో రిఫరీ.

ఇచ్చి, ఆట మొదలైపోతే, ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. కోడలు మణికట్టు తడుముకుంది. తర్వాత జుట్టు తడుముకుంది. జనం ఈలలు వేస్తున్నారు. కళ్లద్దాలాయన ముందుకు వంగాడు.

ఆమె బంతి చంకలో పెట్టుకుని నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, ఉప్పు ఎంతమంది వేశారు?"

గడియారం ఆయన మా అబ్బాయి మొహం చూశాడు. వాడు పొద్దున కూర తిన్నప్పటి మొహం పెట్టాడు.

"నేను వేశాను. అదే, తిప్పాను. సగం ఆటవగానే."

"నేనూ తిప్పానండీ" అన్నాడు గడియారం ఆయన. "ఎవరూ తిప్పలేదేమోనని."

"కిందటిసారి పెనుగులాటలో బంతి ఎవరికిచ్చాం?"

"నీలం వాళ్లకి" అన్నారిద్దరూ.

"అయితే ఇది ఎర్రవాళ్లది. రెండుసార్లు తిప్పితే తిప్పనట్టే."

బాణం తన చేత్తోనే తిప్పింది. ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి సంగతి చెప్పింది. నీలం కెప్టెన్ కాసేపు గొణిగి పక్కకు జరిగాడు. ఆట సాగింది. ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

అయ్యాక కళ్లద్దాలాయన కిందికి దిగి వచ్చాడు.

"అనుమానం ఎలా వచ్చిందమ్మా?"

"కిందటిసారి నీలం వాళ్లకే ఇచ్చినట్టు లీలగా గుర్తుంది సార్. గట్టిగా చెప్పలేను. అందుకే అడిగాను."

"మరి ఆ ఉప్పేమిటి?"

"ఒకసారి మా ఇంట్లో భోంచేస్తే మీకే తెలుస్తుంది సార్."

ఆయన నవ్వాడు. "పాసయ్యారు. జుట్టుకు మాత్రం ఇంకో బ్యాండు కొనుక్కోండి."

మా ఆవిడ వెంటనే వెనకాయన కోసం చూసింది. ఆయన అప్పటికే వెళ్లిపోయాడు. అదొక్కటే ఆమెకు లోటు.

మర్నాడు నేను ఇంకో చిన్న బాణం చేసి పొయ్యి పక్కన పెట్టాను. ఒక వైపు మా ఆవిడ, ఒక వైపు మా అబ్బాయి. అది ఎవరిని చూపిస్తే వాళ్లే ఉప్పు వెయ్యాలి, వేసి తిప్పాలి అన్నాను. ఇద్దరూ సరేనన్నారు.

మధ్యాహ్నం కూర చప్పగా ఉంది. ఇద్దరూ బాణం తిప్పారు. ఉప్పు ఎవరూ వెయ్యలేదు.

కోడలు నవ్వి నవ్వి, జుట్టు బ్యాండు తీసి కుడిచేతికి వేసుకుని, ఉప్పు డబ్బా అందుకుంది.