పద్దెనిమిది గంటల మంచు

నేను ఒక చలిపెట్టెను. నా కడుపులో వేడి ఏడు డిగ్రీలు దాటింది. ఎనిమిది దాటితే లోపలున్న మూడు ఇంజెక్షన్లూ వట్టి నీళ్లే. రేపు ఉదయానికి అవి దూరదేశంలో, లుసాకా ఆసుపత్రిలో ఉన్న మురారికి అందాలి. అక్కడ ఆ మందు దొరకదు. ఇంకా పదకొండు గంటల దారి ఉంది.

ఎడారి నగరపు విమానాశ్రయంలో, రెండో విమానం కోసం కూర్చున్న అతని భార్య వసుంధర, నా మూతకు అతికించిన థర్మామీటర్లో అంకె చూసి దిగ్గున లేచింది.

నేనింకా మబ్బుల మత్తులోనే ఉన్నాను. ఒకప్పుడు ఆరోగ్య కేంద్రంలో పోలియో చుక్కలు మోశాను. తర్వాత భీమిలి తీరంలో ఐస్‌ఫ్రూట్లు. ఆ బండి మూతపడ్డాక వసుంధర చేతికొచ్చాను. మనుషులు దూరాన్ని కిలోమీటర్లలో చెబుతారు. నాకు దూరమంటే మంచు కరిగినంత మేర.

ఆమె పది రోజులు లెక్కలు కట్టింది. హైదరాబాదు నుంచి లుసాకా, పక్షిలా ఎగిరితే ఆరున్నర వేల కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. నేరుగా విమానం లేదు కాబట్టి మజిలీతో కలిపి పదిహేను. నా మంచు పద్దెనిమిది గంటలు నిలుస్తుంది. ఆ లెక్కలో తప్పు లేదు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఆమెకు, అత్తగారు సీతారత్నం నన్ను హైదరాబాదు విమానాశ్రయంలో అందించింది.

వసుంధర ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, మంచు బయల్దేరే ముందేగా పెట్టారు?"

"నువ్వు చెప్పినట్టేనమ్మా. ఐస్‌ఫ్రూట్ల పెట్టెను నమ్ముకుంటే ఇంతే మరి!"

అసలు సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు, మూతే ఉంది.

"అయితే మందుల షాపువాడే వెచ్చబడ్డ సరుకు అంటగట్టాడు. వాడి లైసెన్సు పీకిస్తాను!"

వసుంధర ఫోన్ చెవిన పెట్టుకునే పండ్లరసాల కొట్టు వైపు పరుగెత్తింది. ఏడున్నర. ఏడు పాయింట్ ఎనిమిది. కొట్టు పిల్ల రెండు సంచుల మంచు నా కడుపులో సర్దింది. అంకె కాసేపు తేలుతున్న ఈకలా ఆగింది. తర్వాత ఏడు. ఆరు. అయిదు. వసుంధర నేల మీదే చతికిలబడింది.

"గండం గడిచింది అత్తయ్యా. ఇక ఆ షాపువాడి సంగతి చూస్తాను."

"వాణ్నేం అనకమ్మా. పెట్టెనీ అనకు." సీతారత్నం అడ్డుకుంది. "నువ్వు బయల్దేరే వేళకి వర్జ్యం వచ్చింది. మంచి గడియలో ఏదో ఒక వస్తువు గడప దాటిస్తే ప్రయాణం మొదలైనట్టేగా. అందుకని పొద్దున ఏడింటికే మందూ మంచూ సర్దేసి, పక్కింట్లో ప్రస్థానం ఉంచాను."

"ఏడింటికా! నా విమానం రాత్రి ఎనిమిదింటికండీ! ఏ చెంబో, చీరో పెట్టచ్చుగా?"

"చెంబు కోసమా నువ్వెళ్తోంది? వాడి ప్రాణం అందులోనే ఉందని..."

"అంటే, అత్తయ్యా?"

"అంటే ఏముందమ్మా. ఆ మంచు కరిగించింది నేనే."