చెట్టుగారిని బెదిరించిన రోజు

ఉంగుటూరు బాలస్వామి మాస్టారు రిటైరయ్యాక ఒకే ఒక్క పని పెట్టుకున్నారు, పెరట్లో మామిడిచెట్టును మేపడం. మేపడమంటే మాటలా! కొల్లేరు చేపల చెరువుల్లో పనిచేసే పక్కింటి సూర్రావు చేత ట్రాక్టరు మీద చెరువుమట్టి తెప్పించారు. యూరియా చల్లారు. రెండు పూటలా బోరింగు కొట్టి బిందెలతో నీళ్ళు మోశారు. చెట్టు ఇంటికప్పు దాటి ఎదిగింది. ఆకులా, అబ్బో, జానెడు జానెడు! పూత మాత్రం ఒక్క రెబ్బ లేదు.

"ఇంక నావల్ల కాదండీ. కొట్టించేసి అక్కడ బట్టలారేసుకుంటాను" అని భార్య దేవకుమారి తేల్చేసింది. ఆవిడ తేల్చిందంటే తేలినట్టే. మాస్టారికేమో ఆ చెట్టంటే ప్రాణం.

తాడేపల్లిగూడెం దగ్గర తోటల చదువు చదువుతున్న తమ్ముడి కూతురు మానసను పిలిపించారు. ఆ పిల్ల చెట్టు చుట్టూ తిరిగి పెదవి విరిచింది.

"పెదనాన్నగారూ, ఆకులు గాల్లోంచి కార్బన్ తీసుకుని చక్కెర వండుతాయండీ. దాని సంపాదనంతా అదే. కొంత పెట్టి పెరుగుతుంది, కొంత కాండంలో, వేళ్ళలో దాచుకుంటుంది, ఇంకొంత పెట్టి పురుగుల్ని తరమడానికి జిగురూ వగరూ చేసుకుంటుంది. మీరేమో నీళ్ళూ ఎరువూ ఆపకుండా పోస్తున్నారు. వచ్చిందంతా కొమ్మలకే తగలేస్తోంది. దాచింది లేకుండా పూత ఎక్కణ్ణుంచి వస్తుందండీ? కొన్నాళ్ళు పస్తు పెట్టండి."

"పస్తా! బిడ్డలాంటిదాన్నా!" మానస బస్సెక్కగానే మాస్టారు మరో బిందె పోశారు.

గోడ మీంచి అంతా విన్న సూర్రావు భార్య నూకరత్నం ఊరుకోలేకపోయింది. "దానికి భయం చెప్పాలండీ మాస్టారూ. ఒకళ్ళు గొడ్డలెత్తి నరికేస్తానని బెదిరించాలి. ఇంకొకళ్ళు అడ్డంపడి, వచ్చే ఏడు కాస్తుందని పూచీ ఉండాలి. మావాళ్ళంతా చేసేదేనండీ."

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ పనికి దిగారు. గొడ్డలి మాస్టారిది, అడ్డంపడటం దేవకుమారిది. మాస్టారు గొడ్డలెత్తి గొంతు సవరించుకున్నారు.

"ఏవండీ... ఏమీ అనుకోకండి. మీరు కాయకపోతే మరి, కొట్టెయ్యాల్సి వస్తుందేమోనండీ."

గోడ అవతల సూర్రావు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

"ఇదేం బెదిరింపండీ, పెళ్ళికి పిలుస్తున్నట్టు! ఇలా ఇవ్వండి" అని దేవకుమారి గొడ్డలి లాక్కుంది. "ఏమే! తిన్నదంతా ఒళ్ళు పెంచుకోడానికేనా? నరికి పొయ్యిలో పెడతాను!" అంటూ ఒక్క వేటు వేసింది. బెరడు లేచిపోయింది. రెండో వేటుకి గొడ్డలెత్తింది. ఆవిడ మొహం చూసేసరికి ఇది ఆట కాదని మాస్టారికి తెలిసిపోయింది. పరుగున వెళ్ళి చెట్టును వాటేసుకున్నారు.

"వద్దే దేవీ! దీని తప్పేం లేదు. నేనే నీళ్ళు మోసి మోసి చెడగొట్టాను!"

"మోశారు! పెళ్ళయిన నాటి నుంచీ నా వంటింట్లోకి ఒక్క బిందె మోశారా? నడుం విరిగిపోతోందండీ అని ఎన్నిసార్లు చెప్పుకున్నాను? దీనికేమో రెండు పూటలా!"

ఆవిడ గొడ్డలి కిందపడేసి కొంగుతో మొహం కప్పుకుంది. గోడ అవతల నవ్వు ఆగిపోయింది. మాస్టారికి సిగ్గేసింది. చెట్టును వదిలి, బిందె తీసుకుని బోరింగు దగ్గరికి నడిచారు.

"వచ్చే మాఘం దాకా చూస్తాను" అంది దేవకుమారి వెనకనుంచి, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాటి నుంచీ నీళ్ళన్నీ ఇంట్లోకే. వంటింటి గంగాళం, స్నానాల తొట్టి నిండేసరికి మాస్టారి భుజాలు పడిపోయేవి. ఇక చెట్టుకు పొయ్యడానికి ఓపికేదీ!

మాఘంలో చెట్టు నిండా పూత. కడుపు మాడేసరికి దాచుకుందని మానస, భయపడిందని నూకరత్నం. మాస్టారు ఇద్దరికీ తలూపారు.

ఎండాకాలంలో తొలికాయ పండితే కోసి, మొదటి ముక్క భార్య చేతిలో పెట్టి, ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. దేవకుమారి నమిలింది. కళ్ళు మూసుకుంది.

"పీచండీ. పైగా చచ్చేంత పులుపు" అంది. మాస్టారి మొహం వాడిపోయింది.

ఆవిడ ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.