టీచరమ్మకు కొత్త ఈకలు

వానలు వెనకబట్టే వేళకు దేవకమ్మ పెరట్లో కోళ్లన్నీ ఈకలు రాల్చడం మొదలుపెట్టాయి. ఏటా జరిగేదే. పొద్దున్నే గంప ఎత్తితే కోళ్లకంటే ముందు ఈకలే బయటికి ఎగురుతాయి. మెడలు బోడి, తోకలు బోడి, వీపు మీద అక్కడక్కడా మిగిలిన బొచ్చు. గుడ్లు మానేస్తాయి. పుంజు దగ్గరికొస్తే చిరాకు పడతాయి. ఎవరూ చూడని మూల చూసుకుని మొహం చాటేసి నిలబడతాయి.

పాకాల నుంచి వచ్చే పాలవ్యాను మనిషి గోడ మీదుగా తొంగిచూశాడు. "ఏం దేవకమ్మా, నీ కోళ్లన్నీ కొండకు పోయి గుండు కొట్టించుకోనొచ్చినట్టుండాయే" అని నవ్వి పోయాడు.

దేవకమ్మ నవ్వలేదు. ఆమె కోడలు లోకేశ్వరి నవ్వింది. ఏడాదిగా ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. అదీ పాలవాడి పరాచికానికి కాదు. ఎర్రపెట్టకు కూడా ఈకలు రాలుతున్నాయని చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఎర్రపెట్ట లోకేశ్వరి కొడుకు రూపేష్ పెంచింది. గుడ్డు పగిలిన నాటి నుంచి వాడి ఒళ్లోనే పెరిగింది. నూకలు వాడి అరచేతిలోనే తినేది. ఒకటో తరగతి చదివే వాడికి, మెడ అటూ ఇటూ తిప్పి అందర్నీ అదోలా చూసే ఆ పిల్లకోడిలో వాళ్ల పంతులమ్మ కనిపించింది కాబోలు, దానికి టీచరమ్మ అని పేరు పెట్టాడు. బడికి పోయేటప్పుడు గేటు దాకా అది వాడి వెంట నడిచేది.

పోయినేడు ఇదే కాలంలో వాడికి జ్వరమొచ్చింది. పాకాలలో చూపిస్తే తిరుపతికి తీసుకుపొమ్మన్నారు. పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని లోకేశ్వరి ఊరి గంగమ్మకు మొక్కుకుంది. అమ్మకు మొక్కేది గుండెకు దగ్గరైనదే అయ్యుండాలని ఆ ఊళ్లో ఒక పట్టింపు. ఆ గాభరాలో ఆమెకు తోచింది బిడ్డ ప్రాణంలా చూసుకునే కోడే. అత్తకు ఫోన్ చేసి, "టీచరమ్మ కాలికి తాడు కట్టు అత్తా" అంది. దేవకమ్మ పెరట్లో నిలబడి పసుపుతాడు కట్టింది. బిడ్డ బతకలేదు. కోడి బతికింది.

తాడు కట్టిన కోడి అమ్మ సొమ్ము. దాన్ని కోసుకు తినకూడదు, అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఏడాది మైలలో ఉన్న ఇల్లు గనుక పోయినేడు గుడి వైపు పోలేదు. ఇప్పుడు ఏడాది తిరిగింది. కార్తీకం రాకముందు వచ్చే కడపటి మంగళవారం ఊళ్లో గంగమ్మ పొంగళ్లు. ఆ రోజు టీచరమ్మను అమ్మకు ఇవ్వాలని దేవకమ్మ, ఇచ్చేది లేదని లోకేశ్వరి.

"తాడు కట్టినాక అది అమ్మదే, అమ్మణ్ణీ" అంది దేవకమ్మ. "మన గంప కింద పెట్టుకుంటే మనదైపోదు."

"బిడ్డనిచ్చుంటే నేనే ఎత్తుకోని పోయి ఇచ్చుందును అత్తా. ఆమె ఇయ్యలే. నేనెందుకియ్యాల?"

"ఆ తల్లితో మాటకు మాట పెట్టుకోగూడదు."

నగరిలో మరమగ్గాల మీద పనిచేసే గిరి, లోకేశ్వరి మొగుడు, ఆదివారం ఇంటికొచ్చినప్పుడు ఈ పంచాయితీ అతని ముందు పెట్టారు. "మీరిద్దురూ ఎట్లంటే అట్ల" అని లేచి బజారుకు పోయాడు. మగవాళ్లకు ఇలాంటప్పుడు బజారులో ఏదో ఒక పని ఉండనే ఉంటుంది. నిజానికి అతను ఆ కోడి వైపు కూడా చూడలేడు.

అలాంటి సమయంలో టీచరమ్మ బోడిదయింది. గుడి పూజారి దారిన పోతూ దాన్ని చూసి, "ఈకలు నిండినంక తీసుకురాండి. ఇట్ల బోడికోడిని అమ్మ ముందర పెడితే బాగుండదు" అన్నాడు. తను లోపల అనుకుంటున్న మాటే అతని నోట రావడం లోకేశ్వరికి వరమిచ్చినట్టయింది. పొంగళ్ల లోపల ఈకలు రాకపోతే మళ్లీ ఏడాది దాకా భయం లేదు. రోజూ పెరడు ఊడుస్తూ, రాలిన ఎర్రీకల్ని చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది.

కానీ అన్నిటికంటే ముందు రాల్చిన కోడి గనుక అన్నిటికంటే ముందు దానికే కొత్త ఈకలు మొలిచాయి. మొదట మెడ మీద నల్లటి ముళ్లలా లేచాయి. తర్వాత ఒక్కో ముల్లు కొస పగిలి, లోపలి నుంచి ఎర్రటి కుచ్చు బయటికొచ్చింది. ఈకలొచ్చే కాలంలో కోడికి బలం కావాలని దేవకమ్మ నువ్వుల చెక్క నానబెట్టి పెట్టింది, ఎండుచేపల తలలు దంచి వేసింది. అది ఆబగా తినేది. దాని ఒంటికి నిగారింపు వస్తున్న కొద్దీ లోకేశ్వరికి అన్నం దిగడం మానేసింది. ఇంత మేత వేసి సాకేది దేనికో తెలిసి కూడా చూస్తూ ఊరుకోవాల్సి రావడం ఆమెకు భరించరాని కష్టమైంది.

ఒక మధ్యాహ్నం దేవకమ్మ శెనక్కాయలు పెరకడానికి చేనికి పోయింది. లోకేశ్వరి నాలుక కొట్టి పిలిస్తే టీచరమ్మ ఎప్పటిలాగే వచ్చి ఒళ్లో కూర్చుంది. ఆమె దాని తోక దగ్గర మొలుస్తున్న ఒక ఈకను పట్టుకుని లాగింది. నెలంతా నొప్పి లేకుండా ఊడిపడిన ఈకల్ని చూసిన కళ్లకు ఇదీ అంతేననిపించింది. కానీ కోడి గొంతు చించుకుని అరిచింది. ఆమె వేళ్ల మీద, చీర మీద నెత్తురు పడింది. లోకేశ్వరి గబగబా కోడిని దించేసింది. చెయ్యి కడుక్కుంది. ఇంకెప్పుడూ చేయకూడదనుకుంది.

మర్నాడు మళ్లీ చేసింది. ఈసారి రెక్కలో. పొంగళ్లు దగ్గర పడుతున్నాయి మరి. కాపాడుతున్నానన్న భ్రమలో ఉన్న మనిషికి తన చేతులు చేస్తున్న పని కనపడదు.

ఆ సాయంత్రం దేవకమ్మ నూకలు చల్లి పిలిస్తే కోళ్లన్నీ వచ్చాయి. టీచరమ్మ మాత్రం కరివేపాకు చెట్టు మూలనే నిలబడింది. లోకేశ్వరి రెండడుగులు వేయగానే రెక్కలు కొట్టుకుంటూ కంచె సందులో దూరింది.

"నీ కాళ్ల కాడే తిరిగేది గదా. నిన్ను సూసి బెదురుతా ఉండాదేం?" అంది దేవకమ్మ.

 దేవకమ్మ మెల్లగా పోయి కోడిని పట్టుకుంది. రెక్క ఎత్తి చూసింది. నెత్తురు గడ్డకట్టిన చోట్లు కనిపించాయి. తర్వాత అరుగు మీద కూర్చుని, పసుపు నూనెలో కలిపి తెమ్మంది. ఒక్కో గాయానికి వేలితో అద్దుతూ అంది.

"కొత్తీకలో నెత్తురుంటాది అమ్మణ్ణీ. పాతది దానంతట అదే రాలిపోతాది. కొత్తది పెరికితే దానికి ఏలు పెరికినట్టే."

"వాడి చేతులు తగిలింది ఇంకేముండాది అత్తా ఈ ఇంట్లో?" అంది లోకేశ్వరి. "గుడ్డలు కాల్చేసినారు. పుస్తకాలు ఎవరికో ఇచ్చేసినారు. దీన్నొకదాన్నన్నా ఉంచుకుందామనుకున్నా. ఇప్పుడిది గూడా నన్ను సూసి పారిపోతాది."

దేవకమ్మ పసుపు చేత్తోనే కోడలి మోకాలు పట్టుకుంది. "నాకు మాత్రం కోపం లేదనుకున్న్యావా? ఉండాది. కోపం కంటే భయం ఎక్కువుండాది. ఇయ్యకుంటే అమ్మ కోపం గిరి మింద పడతాదో, నీ మింద పడతాదోనని రాత్రిళ్లు నిద్ర పట్టదు నాకు."

కోడి దేవకమ్మ ఒళ్లో కునుకు తీసింది. దేవకమ్మ కొడవలి అందుకుని, దాని కాలి తాడును ఒక్క గీతకు తెంపేసింది.  ఆ ఊళ్లో అంతటి తెగువ చేసినవాళ్లను లోకేశ్వరి ఎరగదు.

"పొంగళ్ల నాడు నేను సెప్పుకుంటా" అంది దేవకమ్మ.

మంగళవారం ఇద్దరూ తలలు తడి ఆరకముందే బయల్దేరారు. పెరట్లో టీచరమ్మ లోకేశ్వరిని చూసి పక్కకు తప్పుకుంది. గుడి ముందు ఆడవాళ్లు పొంగళ్లు పొంగిస్తున్నారు. చంకల్లో కోళ్లు కొక్కొక్కమంటున్నాయి. దేవకమ్మ వంతు వచ్చింది. పొంగలి దించి అమ్మ ముందు పెట్టింది.

"పెట్ట యాడ?" అన్నాడు పూజారి.

 దేవకమ్మ అమ్మ మొహంలోకి చూసి, పక్కింటామెతో మాట్లాడినంత మామూలుగా చెప్పుకుంది.

"పెట్టను తేలేదు తల్లీ. పిలగాణ్ణి నువ్వియ్యలే, పెట్టను మేమియ్యం. తాడు కట్టింది నేను, తెంపింది నేను. నీకు కోపమొస్తే నా ఒక్కదాని మిందే సూపించు. నా కొడుకు జోలికి, నా కోడలి జోలికి పోవద్దు."

 పూజారి చేతిలో హారతి అలాగే ఉండిపోయింది.  లోకేశ్వరి అత్తను పక్కకు తోసుకుని ముందుకొచ్చింది.

"మొక్కుకున్నది నేను తల్లీ, ఆమె కాదు. ఏమన్నా ఉంటే నా మింద..."

దేవకమ్మ చటుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు మాట్లాడొద్దు. ఆ పొద్దు వాడి కోసరం నువ్వు మొక్కితివి, నేను వట్టి తాడు కట్టినా. ఈ పొద్దు నీ కోసరం నేను మొక్కతా ఉండా. మొక్కనీ."

 లోకేశ్వరికి కొడుకును మట్టిలో పెట్టిననాడు కూడా రాని ఏడుపు ఆ అరచేతిలోకి వచ్చింది. అందరూ చూస్తున్నారు. దేవకమ్మ చెయ్యి తీయలేదు.